ఇంటి మనిషికి తర్జుమా

మా కేంద్ర బలగాల కంపెనీ సరూర్‌నగర్‌లో దిగేసరికి ఉదయం ఆరు దాటింది. చలికాలం. చెరువు మీద మంచు ఇంకా విడలేదు. అయిదు ట్రక్కులు. ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి నేరుగా వచ్చాం. బూట్లకు అక్కడి ఎర్రమట్టి అలాగే ఉంది.

బసకు ఒక ఫంక్షన్ హాలు ఇచ్చారు. వేదిక మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే కుర్చీలను మూలకు నెట్టి అక్కడ నా పరుపు పరుచుకున్నాను. గోడకు ఎవరి పెళ్లివో థర్మాకోల్ అక్షరాలు సగం ఊడి వేలాడుతున్నాయి. సామాను: హెల్మెట్, షీల్డు, లాఠీ, మోకాలి కవచాలు, నీళ్ల సీసా. రైఫిళ్లను పెట్టెల్లో పెట్టి తాళం వేశారు.

"ఇక్కడ శత్రువు లేడు. జనం ఉన్నారు. తేడా గుర్తుంచుకోండి" అన్నాడు కంపెనీ కమాండర్.

రాష్ట్రం ఇంకా విడిపోలేదు. ఉద్యమం రోడ్ల మీద ఉంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా మా కంపెనీది. అందులో ఎల్బీనగర్ చౌరస్తా మా ప్లాటూనుది. విజయవాడ హైవే అక్కడే మొదలవుతుంది. బంద్ అంటే మొదట ఆగేది ఆ రోడ్డే.

నాది నల్గొండ జిల్లా. మా వాళ్లంతా ప్రత్యేక రాష్ట్రం కావాలని కూర్చున్నవాళ్లే. మా బలగంలో మాత్రం తెలుగువాడు ఎక్కడివాడైనా పేరు ఒకటే: ఆంధ్రా. "ఏయ్ ఆంధ్రా, చాయ్ తే" అని హవల్దార్ చౌరస్తాలో కేకేస్తే జనం తలలు తిప్పి నన్ను చూసేవారు. నేను షీల్డు కాస్త పైకెత్తుకునేవాణ్ని.

నా పక్కన నడిచేది వైర్‌లెస్ ఆపరేటర్. జార్ఖండ్ ఆదివాసీ. నాకంటే రెండేళ్లు పెద్ద. వీపున సెట్టు, ఛాతీ జేబులో హిందీ బైబిలు. అడవిలో ఉన్నన్నాళ్లు ఆదివారం నాడు మేమిద్దరం నీళ్ల ట్యాంకరు వెనక కూర్చుని ఒక కీర్తన చదువుకునేవాళ్లం. ఒకడు ప్రార్థన చేస్తే రెండోవాడు కాపలా. మా సంఘం అంతే. దానికి పైకప్పు లేదని ఎప్పుడూ అనిపించలేదు.

హైదరాబాద్ డ్యూటీ పడిందనగానే నేను ఆపరేటర్‌కు గొప్పలు చెప్పాను. మా యాకోబు కాక ఎల్బీనగర్‌లో ఉంటాడని, ఆటో నడుపుతాడని, నన్ను ప్రభువు దగ్గరికి నడిపించింది ఆయనేనని చెప్పాను. ఆయన వెళ్లే సంఘంలో నల్గొండ నుంచి వచ్చిన కూలీలు, కోస్తా నుంచి వచ్చిన వ్యాపారులు ఒకే చాప మీద కూర్చుంటారని కూడా చెప్పాను. అప్పటికి నేను చూసింది అదే.

మొదటి ఆదివారం రెండు గంటల అనుమతి మీద, మామూలు బట్టల్లో ఆ సంఘానికి వెళ్లాం. మెడికల్ షాపు పైన రెండో అంతస్తు. చెప్పులు మెట్ల మీద. ఆపరేటర్‌ను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పాట పాడమన్నారు. తన భాషలో పాడాడు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. అయినా తాళం అందరికీ దొరికింది. సుందరరావుగారని తెనాలి వైపు పెద్దమనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో కరెంటు సామాన్ల షాపు ఆయనది, లేచి వచ్చి ఆపరేటర్ రెండు చేతులూ పట్టుకున్నారు. "వందనాలు బాబూ. మీరు మా అతిథులు" అన్నారు. నేను తర్జుమా చేశాను. ఆపరేటర్ నవ్వి తల వంచాడు. ఆ రోజు నాకు చాలా గర్వంగా ఉంది.

ఆ వారమే బంద్. సుందరరావుగారి షాపు అద్దాలు పగిలాయి. మరుసటి రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మధ్య రాళ్ల పొయ్యిలు, పెద్ద గిన్నెల్లో అన్నం, పప్పు. డప్పులు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, కాలేజీ పిల్లలు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూసుకోకుండా తింటున్నారు. ఒక పెద్దావిడ విస్తరాకుతో మా లైను దగ్గరికి వచ్చింది.

"తినుండ్రి బిడ్డా. పొద్దుగాల నుంచి నిలవడ్డరు. మీరు గుడ మా పిల్లలే గదా."

తినడానికి ఆర్డరు లేదు. ఎవరూ చెయ్యి చాచలేదు. ఆమె ఆకును నా బూట్ల ముందు పెట్టి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మూడూ ఇరవైకి సెట్టు మాట్లాడింది. "వన్ నుంచి త్రీకి. రోడ్డు క్లియర్ చెయ్యాలి. ఓవర్."  ఆపరేటర్ దాన్ని హవల్దార్‌కు వినబడేలా గట్టిగా చెప్పాడు. "రోడ్ క్లియర్ కర్నా హై." లైను కదిలింది. ఎటు నుంచో ఒక రాయి వచ్చింది. లాఠీలు లేచాయి. నాది కూడా లేచింది. ఎవరికి తగిలిందో చూడలేదు. కొట్టేటప్పుడు ముఖాలు చూడకూడదని మాకు నేర్పుతారు. అన్నం మీద బూటు పడితే జారుతుంది. అది మాత్రం ఆ రోజే తెలిసింది.

సాయంత్రం కాక ఫోను.

"దానియేలు తల పగిలిందిరా. చౌరస్తా కాడ కొట్టిండ్రు. దవాఖానల ఉన్నం. నువ్వు యాడున్నవ్ గప్పుడు?"

దానియేలు అంటే కాక కొడుకు. డిగ్రీ చదువుతున్నాడు.

"నేను దిల్‌సుఖ్‌నగర్ల ఉన్న కాకా" అన్నాను. ఆలోచించి చెప్పిన మాట కాదు. నోట్లోంచి దానంతటది వచ్చేసింది.

"మంచిగయింది. నువ్వన్న గాడ లేవు" అన్నాడు కాక.

తర్వాతి ఆదివారం ప్రభువు బల్ల ఉంది, సంఘమంతా కలిసి ఒకే రొట్టె విరుచుకునే రోజు. నాకు వెళ్లాలని లేదు. ఒంట్లో బాగా లేదన్నాను. ఆపరేటర్ అప్పటికే బట్టలు మార్చుకుని నిలబడ్డాడు. "బల్ల ఉన్న రోజు ఒంట్లో బాగా లేనివాడే వెళ్లాలి, పద" అన్నాడు.

హాల్లోకి అడుగు పెట్టగానే తెలిసింది. నల్గొండ వాళ్లంతా తలుపు దగ్గర. కోస్తా వాళ్లంతా ముందు. మధ్యలో రెండు చాపలు ఖాళీ. మేమిద్దరం వెళ్లి ఆ ఖాళీలో కూర్చున్నాం. పాస్టరు గారు, ఆయనదీ కోస్తానే, నెమ్మదస్తుడు, రొట్టె మీది తెల్లగుడ్డ తీశారు. అప్పుడు కాక లేచాడు.

"అయ్యగారూ, జర ఆగుండ్రి. నా కొడుకు దవాఖానల పడి ఉన్నడు. తలకు కుట్లు పడ్డయ్. లాఠీ దెబ్బలు. పరేషాన్ల ఉన్నం. గీ సంఘంల నుంచి ఒక్కరన్న ఒచ్చిండ్రా? ప్రార్థన చెయ్యుండ్రంటే, రాజకీయాలు ఇక్కడ ఒద్దంటిరి."

పాస్టరు గారు ఏదో చెప్పబోయారు. సుందరరావుగారు అప్పటికే లేచి నిలబడ్డారు.

"మా షాపు అద్దాలు పగలగొట్టిన రోజు మీరు వచ్చారా యాకోబు గారూ? మా ఆవిడ లోపల కౌంటరు కింద దాక్కుంది. ఒక్కళ్లు, ఒక్కళ్లు ఫోను చేశారా? ఆ గుంపులో మీ అబ్బాయి ఉన్నాడో లేడో, ఈ బల్ల ముందు చెప్పండి."

"దవాఖానకు ఒచ్చి వాన్నే అడుగు!"

ఆపరేటర్ నా చెవి దగ్గరికి వంగాడు. "ఏమంటున్నారు?"

"ప్రార్థన మనవులు చెప్పుకుంటున్నారు" అన్నాను.

కాక గొంతు ఇంకా పెరిగింది. "ఇయ్యాల మీతోని గీ బల్ల కాడ కూసోను. మా రొట్టె మేమే ఇరుసుకుంటం."

"అలాగే కానివ్వండి. మాకూ అదే బాగుంటుంది" అన్నారు సుందరరావుగారు.  వెనక ఎవరో ఆడమనిషి ఏడుపు.

"ఇంత గట్టిగానా?" అన్నాడు ఆపరేటర్.

"ఎవరు ముందు తీసుకోవాలా అని. మీరు ముందంటే మీరు ముందని మర్యాద పడుతున్నారు."

ఆపరేటర్ నా ముఖంలోకి చూశాడు. కోపం కాదు. అడవిలో దారి తప్పినవాణ్ని చూసినట్టు చూశాడు. అప్పుడు తట్టింది నాకు. జర. పరేషాన్. దవాఖాన. లాఠీ. కాక మాటల్లో సగం అతని హిందీలోనివే. మిగిలిన సగం ముఖాల మీద ఉంది.

అతను లేచి కాక ముందుకు వెళ్లి చేతులు జోడించాడు. హిందీలోనే మాట్లాడాడు.

"కాకా, రోడ్డు ఖాళీ చేయమన్న ఆర్డరు ఆ రోజు నా సెట్టు మీద వచ్చింది. దాన్ని గట్టిగా చెప్పిన గొంతు నాది. మీ వాణ్ని కొట్టింది మా లైనే. మేమిద్దరం అక్కడ ఉన్నాం."

ఇద్దరం అన్నాడు. దీన్ని నేను తర్జుమా చేయాల్సిన అవసరం లేకపోయింది. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్న మనిషికి హిందీ రాదా. ఆ హాల్లో హిందీ రానివాళ్లు ఎందరని. రెండు ఆదివారాలు నేను ఎవరి మధ్య కూర్చుని ఎవరికి మాటలు అందించానో ఆలోచిస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కాక అతన్ని చూడలేదు. నన్ను చూశాడు.

"దిల్‌సుఖ్‌నగర్ల ఉన్ననంటివి గదరా" అన్నాడు. మెల్లగా అన్నాడు. అంతే.

తర్వాత ఆపరేటర్ భుజం మీద చెయ్యి వేసి, "బైఠో భాయ్" అని తన పక్కన చోటు చూపించాడు.

 పాస్టరు గారు రొట్టె మీద తెల్లగుడ్డ తిరిగి కప్పారు. "నేను ముందే దవాఖానకు వెళ్లవలసింది. ఆ షాపుకూ వెళ్లవలసింది. ఇవాళ దీన్ని విరవడానికి నాకు చేతులు రావడం లేదు" అన్నారు. ఒక్కొక్కరే లేచి దిగిపోయారు.

మెట్ల మీద నేను ఆపరేటర్‌ను ఆపాను. సిగ్గేసి అబద్ధం చెప్పానన్నాను. మా వాళ్ల గురించి నువ్వు అలా అనుకోకూడదని అన్నాను.

"మా రాష్ట్రం ముందే విడిపోయింది" అన్నాడు చెప్పులు వెతుక్కుంటూ. "బిహారీలు ఎవరు, మనవాళ్లు ఎవరు అని మా చర్చిలో కూడా బెంచీలు మారాయి. మా నాన్న ఒక బెంచీ, మా మామ ఒక బెంచీ. ఇది నేను చూడనిది కాదు."

"మరి నన్నెందుకు అడిగావు?"

"నువ్వు చెబుతావేమోనని." చెప్పులు తొడుక్కున్నాడు. "హిందీలో సహవాసాన్ని సంగతి అంటాం. మీ తెలుగులో సంగతి అంటే ఏంటి?"

"విషయం. కబురు."

"బాగుంది. ఇంట్లో సంగతి దాచిపెట్టి కుర్చీ వేసేది చుట్టానికి. నేను చుట్టాన్నా? మీ ఇంటి పరువు నా ముందు పోతుందని నువ్వు భయపడ్డావు. ఆ ఇల్లు నాది కూడా అని నీకు తోచలేదు. నాకు కూడా సిగ్గు పడే హక్కు ఉంది కదా."

 ట్యాంకరు వెనక నాకు కాపలా కాసిన మనిషిని ఒక మంచి కుర్చీలో కూర్చోబెట్టి బయటివాణ్ని చేశాను. అంతవరకూ నేను దాన్ని మర్యాద అనుకున్నాను.

కాక ఆటో స్టార్ట్ చేశాడు. ఆపరేటర్ అడగకుండానే ఎక్కాడు. నేనూ వెనక ఒక పక్కకు ఎక్కాను. ఆటో దవాఖాన ముందు ఆగింది. వార్డు తలుపు దగ్గర కాక, ఆపరేటర్ లోపలికి వెళ్లారు. నేను ఆగిపోయాను.

వారం తర్వాత కంపెనీకి బదిలీ ఆర్డరు వచ్చింది. ట్రక్కులు ఎల్బీనగర్ చౌరస్తా మీదుగానే వెళ్లాయి. రోడ్డు మీద పొయ్యిల మసి మరకలు ఇంకా ఉన్నాయి. తర్వాత రాష్ట్రం వచ్చింది. నేను వేరే చోట్ల పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నాగోల్‌లో కిరాయికి ఉంటున్నాను. ఆ హాలు ఇప్పుడు కోచింగ్ సెంటరు. సంఘం రెండైంది. రెండూ బాగానే నడుస్తున్నాయి. పెళ్లిళ్లకు వాళ్లు వీళ్లను పిలుస్తారు, వెళ్తారు, తింటారు. బల్ల దగ్గర మాత్రం కలవరు. దానియేలుకు ఉద్యోగం వచ్చింది, ఇద్దరు పిల్లలు. నన్ను చూస్తే "వందనాలు అన్నా" అంటాడు. ఆగకుండా పోతాడు. ఆపరేటర్ క్రిస్మస్‌కు ఫోను చేస్తాడు. "ఏం సంగతి?" అని తెలుగులో అడుగుతాడు. అప్పటి నుంచి అతనికి ఏదీ దాచకుండా చెబుతాను.

సంఘం యువకులు సాక్ష్యం చెప్పమని పిలిస్తే కొండల మీద మంచులో చేసిన డ్యూటీ గురించి, అడవి గురించి చెబుతుంటాను. చప్పట్లు కొడతారు. ఎల్బీనగర్ గురించి ఇదే మొదటిసారి చెప్పడం.

ఆ రోజు ఆ వార్డు తలుపు సగం తెరిచి ఉంది. దానియేలు తలకు కట్టు. ఆపరేటర్ ఎవరో తండ్రి చెప్పగానే దానియేలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆపరేటర్ కదల్లేదు. మంచం కాళ్ల దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. నర్సు సెలైన్ స్టాండుతో వస్తే పక్కకు తప్పుకుని, ఆమె పోయాక మళ్లీ అక్కడే నిలబడ్డాడు. అప్పుడు కాక తల తిప్పి తలుపు సందులోంచి నన్ను చూశాడు. మంచం కింద నుంచి ఒక ఇనుప స్టూలు లాగాడు. చొక్కా అంచుతో దాని మీది దుమ్ము తుడిచాడు. నాకు కనబడేలా ఇటు జరిపి పెట్టాడు.

నేను లోపలికి వెళ్లలేదు. వాళ్లు బయటికి వచ్చేదాకా ఆ స్టూలు ఖాళీగానే ఉంది.