వారానికి ఐదు లేదులు

ఆ రోజుల్లో దుబాయ్ పోవడానికి ఎంత తెలివి కావాలో నాకు తెలియదు గానీ, అక్కడ చేస్తున్న పని పోగొట్టుకోవడానికి మాత్రం ఏ తెలివీ అక్కర్లేదు. అందుకు నేనే సాక్షిని. ఎనభైల మొదట్లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, కోరుట్ల పక్క పల్లె నుంచి వెళ్లి జెబెల్ అలీలో ఒక కంపెనీలో సెంట్రింగ్ హెల్పరుగా చేరాను. ఏడో నెలలో స్టోర్‌కీపర్ చలికాలం దుప్పట్లు పంచుతూ ఒక అరబ్బీ కాగితం ముందుకు తోశాడు. దుప్పటి ముట్టినట్టు సంతకం కాబోలనుకొని (పదో తరగతి దాకా చదివినవాణ్ని మరి) ఓ సంతకం పెట్టి, దాని కింద రెండు గీతలు కూడా గీశాను. "నా ఇష్టంతోనే పని మానుకుంటున్నాను" అని అందులో ఉందన్న సంగతి నెలాఖరున కంపెనీ మూతపడ్డప్పుడు తెలిసింది. నాతో ఉన్న ముప్పై తొమ్మిది మందీ అదే కాగితం మీద వేలిముద్రలు వేసి ఉన్నారు, పెట్టెలు కట్టుకొని విమానం ఎక్కారు. నేను ఎక్కనన్నాను. ఆ కాగితంతో వెళితే మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టే దారి ఉండదు. పైగా ఏడు నెలలకే ఎందుకొచ్చావురా అని ఊళ్లో అడిగితే, దుప్పటి తీసుకొని వచ్చానని చెప్పాలి.

లేబర్ ఆఫీసులో కళ్లద్దాల సారు ఒకాయన ఉండేవాడు, ఈజిప్టు మనిషి. నేను పనిని వదల్లేదు, పనే నన్ను వదిలింది అని నా వచ్చీరాని హిందీలో మొరపెట్టుకుంటే, పక్కనున్న తర్జుమా మనిషి అరబ్బీలో చెప్పాడు. సారు అంతా విని అప్పీలు తీసుకున్నాడు. ఆరు వారాలకు విచారణ. అప్పటిదాకా క్యాంపులో మంచం, పక్క కంపెనీ మెస్సులో రెండు పూటలా తిండి నా కఫీలే, అంటే నాకు వీసా ఇచ్చిన యజమానే, చూడాలన్నాడు. ఆయన వేలెత్తి చెప్పిన షరతు ఒక్కటే: ఊరికే కూర్చొని తినడానికి వీల్లేదు, పని వెతుక్కోవాలి, వెతికినట్టు రుజువుగా వారానికి ఐదు చోట్ల నుంచి స్టాంపు కొట్టించుకొచ్చిన కాగితాలు ఇవ్వాలి. ఐదులో ఒకటి తగ్గినా మెస్సు కూపన్లు బంద్.

ఆ దేశంలో స్టాంపు లేని మాట మాట కాదు. గాజుల కొట్టువాడికైనా బల్ల సొరుగులో రబ్బరు స్టాంపు, ఊదారంగు సిరా డబ్బా ఉండాల్సిందే. సరే, కాగితాలు కొట్టించడానికి ఆఫీసు బయట టైపు మిషను పెట్టుకున్న మలయాళీ దగ్గర కూర్చున్నాను. "పని ఉంది, లేదు అని రెండూ కొడతాను, సేటు దేనికో ఒకదానికి టిక్కు పెడతాడు" అన్నాడతను. "వద్దన్నా, లేదు అని ఒక్కటే కొట్టు. సేట్లకు టిక్కులు పెట్టే తీరిక ఎక్కడుంటది?" అన్నాను. అతను మిషను మీద చేతులు ఆపి, నిజంగానేనా అన్నట్టు చూశాడు. నిజంగానే అన్నాను. అలా "ఇతను మమ్మల్ని పని అడిగాడు, మా దగ్గర పని లేదు" అని ఇంగ్లీషులో ముప్పై కాగితాలు తయారయ్యాయి. వారానికి ఐదు చొప్పున ఆరు వారాలకు సరిపడా లేదులు చంకలో పెట్టుకొని బయల్దేరాను. ఆ పూట నా అంత తెలివైనవాడు ఎడారి మొత్తంలో లేడనుకున్నాను.

పక్క క్యాంపు నీళ్ల ట్యాంకరు డ్రైవరు నన్ను దుబాయ్ ఊళ్లో దించేవాడు. అక్కడి నుంచి నడక, మరీ దూరమైతే నలుగురితో కలిసి టాక్సీ. షార్జాలో రోలా బజారు నాకు బాగా కలిసొచ్చింది, ఒక్క సందులోనే పది కొట్లు. మొదటివారం కట్టుబడి కంపెనీలకే వెళ్లాను, కానీ అక్కడ గుమస్తాలు నా కాగితం చదివి, నన్ను కింద నుంచి పైదాకా చూసి, ఎప్పుడో గాని స్టాంపు తీసేవాళ్లు కాదు. రెండోవారం నుంచి స్టాంపు చేతికందే దూరంలో ఎక్కడుంటే అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. అత్తరు కొట్టు, కళ్లజోళ్ల కొట్టు, ఆడవాళ్ల బట్టలు కుట్టే దర్జీ, ఖర్జూరాల కొట్టు. సెంట్రింగ్ పనివాడు గాజుల కొట్లో పని అడగడమేమిటని ఎవరూ అడగలేదు. నేను సలాం కొట్టడం, కాగితం పరచడం, వాళ్లు టప్‌మని గుద్దడం. గుండ్రటి స్టాంపులు, నలుచదరపు స్టాంపులు, ఖర్జూరాల కొట్టుదైతే మధ్యలో ఒంటె బొమ్మ.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ ఆరు వారాలు నేను బతికిన బతుకు నాకే తెలుసు. నలభై మంచాల రేకుల షెడ్డులో ఒక్కణ్ని. మొదటిరోజు సంబరపడ్డాను, ఏసీ కింద మంచం మీద రాజాలాగా పడుకున్నాను (ఏడు నెలలుగా ఆ మంచం కోసం కొట్లాడుకున్న సంగతి మీకు తెలియదు). మూడోరోజుకు ఆ మంచం వదిలేసి తలుపు దగ్గరికి మారాను, బయట ఎవరైనా నడిస్తే కనీసం చెప్పుల చప్పుడైనా వినిపిస్తుందని. మెస్సులో పంజాబీలు ఒకవైపు, మలయాళీలు ఒకవైపు, పఠాన్లు ఒకవైపు కూర్చునేవారు. నేను పళ్లెం పట్టుకొని కాసేపు నిలబడి, గోడవైపు తిరిగి తినేవాణ్ని. సోమవారం నుంచి బుధవారం దాకా నోట్లోంచి ఒక్క మాట రాని వారాలున్నాయి. అందుకని ఐదు స్టాంపులూ ఒకేరోజు పూర్తిచేయగలిగీ, రోజుకొకటి చొప్పున సాగదీసేవాణ్ని. లేదని గుద్దడానికైనా సరే, రోజుకొక మనిషి నా మొహం వైపు చూసేవాడు. అంత ఒంటరితనాన్ని ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ఐదో స్టాంపు మాత్రం గురువారానికి దాచుకునేవాణ్ని. అది కరామాలో లాండ్రీ చాచాది. ఆయనది హైదరాబాదు, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే కాంట్రాక్టు. యూనిఫారాలు తీసుకెళ్లడానికి ప్రతి గురువారం అక్కడికి ఒక నర్సక్క వచ్చేది, భీమవరం వైపు క్రైస్తవుల అమ్మాయి. మొదటిసారి చూసినప్పుడు, "ఎక్కడబ్బాయ్ మీది?" అంది. "కోరుట్లక్కా." "అదెక్కడ?" "జగిత్యాల దగ్గర." "అదెక్కడ?" "కరీంనగరక్కా." "ఆఁ, అలా చెప్పు మరి" అంది. ఆ నాలుగు ముక్కల తెలుగుకే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నెపం ఇస్త్రీ ఆవిరి మీదికి నెట్టేశాను. ఒక గురువారం ఆవిడ నా కాగితం తీసుకొని చదివింది. "అదేంటయ్యా, అడిగేవాడివీ నువ్వే, జవాబు తెచ్చుకునేవాడివీ నువ్వేనా?" అంది. "వాళ్లకు తక్లీఫ్ ఎందుకని అక్కా" అన్నాను. ఆవిడ యూనిఫారాల మూట భుజాన వేసుకొని వెళ్లిపోయింది.

విచారణ రోజున కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, నా సంతకం చూపించాడు, కింది రెండు గీతలతో సహా. కళ్లద్దాల సారు నా ముప్పై కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. ఒంటె బొమ్మ దగ్గర ఆగాడు. "ఖర్జూరాల కొట్లో సెంట్రింగ్ పనా?" అని తర్జుమా మనిషి చేత అడిగించాడు. ఏ పనైనా చేస్తానని చెప్పించాను. ఆయన మీసాల్లో నవ్వి, ముదీర్ వైపు తిరిగి అన్న మాట తర్జుమా మనిషి నాకు చెప్పాడు: ఇష్టంతో పని మానుకున్నవాడు ముప్పైసార్లు గుమ్మాలు ఎక్కి లేదనిపించుకోడు. ఖలాస్. అప్పీలు గెలిచాను. కఫీల్ మార్చుకోవడానికి రిలీజ్ కాగితం ఇచ్చారు. కానీ పదిహేను రోజుల్లో కొత్త కఫీల్‌ను చూపించాలి, లేకపోతే ఇంటికే.

ఇక నిజంగా పని వెతకాలి. తెలిసిన మొహాలు ఉన్న చోటికే వెళ్లాను. అక్కడ తెలిసింది నా తెలివి ఎంత ఘనమైనదో. నన్ను గుమ్మంలో చూడగానే అత్తరు సేటు సొరుగు తెరిచాడు. దర్జీ సూది నోట్లో పెట్టుకొనే స్టాంపు అందుకున్నాడు. ఖర్జూరాల ఆయన "కాగితం ఏదీ?" అని చెయ్యి చాపాడు. కాగితం లేదు సేట్, పని కావాలి అంటే, వాళ్లు నమ్మకుండా నవ్వి, టీ ఇచ్చి పంపించారు. పదకొండు రోజులు అలా గడిచాయి. క్యాంపులో మంచం కూడా ఖాళీ చేయమన్నారు. పెట్టె తీసుకొనే కరామా చేరాను. ఆరోజు గురువారం కాదు, నర్సక్క లేదు. చాచా నన్ను చూసి సొరుగు వైపు వంగాడు.

"స్టాంపుకు రాలే చాచా. పనికి వచ్చిన" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

చాచా చేతిలోని ఇస్త్రీపెట్టె దించాడు. "పనా? నీకు పని కావాల్నా బేటా?"

"రెండు నెలల సంది గందుకే కదా తిరుగుతున్న."

"ఏం తిరిగినవ్. వచ్చుడు, లేదని రాసిన కాగజ్ ముంగట పెట్టుడు. నీకు పని వద్దేమో, సర్కార్ కోసం తిరుగుతున్నవేమో అనుకున్న. నా దగ్గర ఇస్త్రీకి మనిషి లేక నేనే నిలబడి చేస్తున్న, కనబడ్తలేదా? ఒక్క దినమన్న నోరు తెరిచి అడిగినవా?"

అడగలేదు. ముప్పై కాగితాలు కొట్టించాను, ముప్పై సలాములు చేశాను, ఒక్కసారి కూడా నోరు తెరిచి పని ఉందా అని అడగలేదు. సేట్ల తీరిక గురించి టైపు మనిషికి చెప్పింది వట్టి సాకు. ఎదుటి మనిషి నా మొహం చూసి లేదంటే తట్టుకోలేనని భయం, అంతే. అందుకే ఆ మాటేదో నేనే ముందుగా రాయించుకొని పట్టుకెళ్లాను. చాచా దగ్గర తొమ్మిదేళ్లు ఇస్త్రీ చేశాను, ఆయన షాపు వెనక గదిలో ఆయనతో కలిసి తిన్నాను. ఇప్పటికీ ఎవరినైనా ఏదైనా అడగడానికి బయల్దేరితే, ఆ ఇరవై ఒక్క ఏళ్ల పోరడు నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తుంటాడు, అడగకముందే లేదనిపించుకోవడానికి తయారై. వాణ్ని చూస్తే నవ్వొస్తుంది, కోపం మాత్రం రాదు. వాడి చెయ్యి పట్టుకొని, ఆగరా, ముందు అడిగి చూద్దాం అంటాను. వింటాడో లేదో మాత్రం, ఈ వయసులోనూ, చెప్పలేను.