గడప నుంచి మగ్గం దాకా

మా పెద్దనాయన పోయినాడని ఆదోని ఆసుపత్రి నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది. సరే అన్నాను. ఫోను పెట్టేసి మళ్లీ మగ్గంలో కూర్చుని నేస్తానే ఉన్నాను. ఇంటి మనిషి పోతే మగ్గం ఆపాలని మా ఎమ్మిగనూరులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా ఆయన వచ్చి చేయి పట్టుకునేదాకా నాకు గుర్తే రాలేదు. వారం దాటింది, ఇప్పటికీ ఏడుపు రాలేదు. మీతో చెప్పుకోడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆయన మా నాయనకు అన్న, ఉండేది మా వీధిలోనే. మోకాళ్లు పనికిరాకుండా పోయేదాకా గుంత మగ్గంలో నేసినాడు. తర్వాత ముందు గదిలో చాప పరుచుకుని చీరలమ్మినాడు. ఈ చీర మంచిదని ఒక్కనాడూ ఎవరికీ చెప్పలేదు. విప్పి, ఎండలోకి పట్టుకుపోయి, మీరే చూసుకోండి అనేవాడు. నేను పోతే టీ సగం తాగి మిగతాది నాకిచ్చేవాడు, వద్దన్నా వినడు.

మా వీధిలో చాలా ఇండ్లు అట్లాంటివే. ముందు చిన్న అంగడి, వెనక మగ్గం, ఆ వెనక పొయ్యి. మున్సిపల్ ఆఫీసు నుంచి ఒకాయన ట్రేడ్ లైసెన్సు పనిమీద వచ్చి, మీ అంగడి ఎంతుంటుందమ్మా అని నన్నడిగినాడు. గడప నుంచి పెరటి దాకా మాదే సార్ అన్నాను, గొప్పగా. సొంతిల్లు కదా, తగ్గించి ఎందుకు చెప్పాల? వీధిలో అందరూ అట్లే చెప్పినారు. తీరా చూస్తే ఫీజు జాగాను బట్టంట, మాకూ, బజారులో రెండంతస్తుల బట్టల షాపుకూ ఒకే ఫీజు పడింది. కట్టకపోతే బోర్డు తీసేయాలన్నారు. బోర్డు పోతే అంగడి మూసుకుని, నేసిందంతా షావుకారు చెప్పిన ధరకు ఇచ్చుకోవాల్సిందే.

పెద్దనాయన నోటీసు చదివి నా పక్క చూసినాడు.

"ఇల్లు యాడిదాకా ఉందో సెప్పినావు గానీ, అంగడి యాడిదాకా ఉందో సెప్పకపోతివే తల్లీ."

తిట్టి ఉంటే బాగుండేది. గజంబద్ద పట్టుకుని, ఆ మోకాళ్లతోనే ఇల్లిల్లూ తిరిగి, అమ్మే జాగా మాత్రం కొలిచి రాసుకున్నాడు. ఇంత చిన్న అంగడా అని నామోషీ పడి కొలవనీయని వాళ్లూ ఉన్నారు. వాళ్లను మాటల్లో పెట్టి కొలిచేసేవాడు.

ఆ కొలత వరకే ఫీజు వేయమని అర్జీ పట్టుకుని ఆఫీసుకు ఎన్నిసార్లు పోయినాడో. అట్లాంటి రూలు లేదన్నారు. లేకుంటే పెట్టండి అన్నాడు. ఆడ బెంచీ ఉన్నా కూర్చునేవాడు కాదు. కూర్చుంటే మర్చిపోతారు, నిలబడితే ఎవరో ఒకరు ఏందని అడుగుతారు అనేవాడు. ఒకసారి తోడుపోయి, కాళ్లు లాగి నేను కూర్చున్నాను. నిజంగానే నన్నెవరూ అడగలేదు.

ఆయన ఆదోనిలో మంచాన ఉండగా, ఇంట్లో అంగళ్లకు అమ్మే జాగాకే ఫీజు వేసేదానికి కౌన్సిల్లో ఒప్పుకున్నారని తెలిసింది. బస్సెక్కి పోయి చెప్పినాను. సంతోషపడతాడనుకున్నా.

"రాసిచ్చినారా, నోటితో సెప్పినారా?" అన్నాడు.

నోటితోనే అన్నాను.

"అయితే ఇంగా రాలే."

అని గోడ పక్కకు తిరిగినాడు. నాతో ఆయన ఆఖరి మాట అదే. ఈ వీధిలో ఇన్ని బోర్డులు నిలబడింది ఆయన పుణ్యాన. ఆ మాట ఆయన ఉండగా ఒక్కరమూ అనలేదు.

నిన్న ఆఫీసు నుంచి ఆ మనిషే మళ్లీ వచ్చినాడు, ఆర్డరు కాగితం, టేపు తీసుకుని. ఈసారి నన్నేమీ అడగలేదు. టేపు ఒక కొస నా చేతికిచ్చి, రెండోది పట్టుకుని తాను గడప దగ్గర కూర్చున్నాడు. నేను లోపలికి నడిచి, మగ్గం మొదలయ్యే చోట వంగి నేలకు ఆనించి పట్టుకున్నాను. ఆయన అంకె రాసుకున్నాడు. అయిపోయిందమ్మా, వదలండి అన్నాడు. నాకు వినపడింది. ఇంకోసారి అన్నాడు. టేపు బిగుసుకుని ఉంది, నా వేళ్లు విడలేదు.