వాక్యం ఎక్కించిన క్యాసెట్

ఆ క్యాసెట్ తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. చల్లారిపోయిందిలే అనుకుంటానా, ఎవరైనా డబుల్ డెక్ టేప్ రికార్డర్ మాట ఎత్తితే చాలు, మళ్ళీ మొదలవుతుంది. క్షమించాలి, క్షమించాలి అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాణ్ణే. ఈ ఒక్కటీ నావల్ల కాలేదు.

తొంభైల్లో దోహాలో, ఉమ్ ఘువైలినాలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అందరం గోదావరి జిల్లాల వాళ్ళమే, అందరివీ ఆఫీసు ఉద్యోగాలే. ఆఫీసులో నా పక్క టేబుల్ దగ్గర డ్రాయింగులు గీసే ఫిలిప్పీన్స్ స్నేహితుడు ఒకడుండేవాడు. అతని వేళ్ళు ఊరికే ఉండేవి కావు. స్కేలు దొరికినా, పెన్సిలు దొరికినా టేబుల్ మీద దరువే. కాలేజీ రోజుల్లో వాళ్ళ ఊళ్ళో నలుగురు కలిసి ఒక న్యూ వేవ్ బ్యాండ్ పెట్టారట. గిటారు, కీబోర్డు, వాటి వెనక ఆగకుండా మోగే డ్రమ్ములు. ఆ డ్రమ్ములు ఇతనివి. ఇంట్లో గడవక ఇతను గల్ఫ్ విమానం ఎక్కాడు. బ్యాండ్ మనీలా వెళ్ళి పేరు తెచ్చుకుంది. ఇప్పుడు వాళ్ళ తొలినాళ్ళ పాటలన్నీ ఏరి డిస్కు వేస్తున్నారట. మొదటి నుంచీ డ్రమ్ములు వాయించింది తానేనని తర్వాత చేరినవాడు పత్రికల్లో చెప్పుకుంటున్నాడట. "నేను లేనట్టే మాట్లాడుతున్నారు," అన్నాడొక రోజు, దరువు ఆపేసి.

కాదనడానికి అతని దగ్గరున్నది ఒకే ఒక్క క్యాసెట్. కాలేజీ హాల్లో జరిగిన తొలి కచేరీని ముందు వరసలో కూర్చుని ఎవరో రికార్డు చేశారు. చివర్లో పాడేవాడు వాయించినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తాడు. మొదట పిలిచేది డ్రమ్ములతని పేరే. నా డబుల్ డెక్‌లో దానికి కాపీ తీసిమ్మన్నాడు. కాపీ బ్యాండ్ వాళ్ళకి పంపితే డిస్కు మీద తన పేరు కూడా వేయక తప్పదని అతని ఆశ. ఆ సాయంత్రం నేను మొత్తం విన్నాను. హాలు గోల, మైకు కీచుమనడం, మధ్యలో ఒక పాట తప్పి నవ్వుకుని మళ్ళీ మొదలుపెట్టడం. నాకు ఆ పాటల గురించి ఏమీ తెలియదు గానీ ఆ డ్రమ్ములు వింటుంటే కాలు ఆగలేదు. ఖాళీ క్యాసెట్ కొన్నాక కాపీ తీద్దామని టేప్ రికార్డర్ పక్కనే పెట్టాను. పొరపాటున చెరిగిపోకుండా పైనుండే రెండు ప్లాస్టిక్ ముక్కల్నీ అతను ఎప్పుడో విరగ్గొట్టేశాడు. ఇంక దానికేం భయం!

భయమెందుకుండదూ, మా ఫ్లాట్లో పెద్దన్నయ్య ఉండగా? సొంతన్న కాదు, మా అందరిలో వయసులో పెద్ద, ప్రార్థనలు నడిపేది ఆయనే. అక్కడ చర్చిలకి అనుమతి లేదు గనక శుక్రవారం పొద్దున మా హాల్లో కర్టెన్లు వేసుకుని, గొంతు తగ్గించి పాడుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. ప్రసంగం రికార్డు చేసి మిగతా ఫ్లాట్లకి పంచడం మా ఆనవాయితీ. లోకపు పాటల క్యాసెట్ కనబడితే ఎవరిదని అడిగేదే లేదు. పైన ముక్కలు విరిగిన కన్నాల్లో కాగితం కుక్కి మళ్ళీ రికార్డయ్యేలా చేయడం, దాని మీద వాక్యం, అంటే బైబిలు ప్రసంగం, ఎక్కించేయడం. ఎన్ని సినిమా పాటలు అలా మట్టిగొట్టుకుపోయాయో. పోగొట్టుకున్నవాళ్ళు కూడా స్తోత్రం అనేవాళ్ళు. ఆ శుక్రవారం నాకు డ్యూటీ పడింది. ఊరి నుంచి వచ్చిన ఒక పాస్టరు అయ్యగారు ప్రసంగించారు. షాపులు మూసున్నాయి, ఖాళీ క్యాసెట్ లేదు. పెద్దన్నయ్యకి టేప్ రికార్డర్ పక్కన ఒకటి కనబడింది.

సాయంత్రం వచ్చి ప్లే నొక్కితే అయ్యగారి గొంతు. తిప్పి వేశాను. అదే గొంతు. అడిగితే పెద్దన్నయ్య టీ తాగుతూ నవ్వాడు. ఏవో కేకలు, డబ్బాలు కొట్టడం తప్ప అందులో ఏమీ లేదట. ముందు కాసేపు విన్నాడట కూడా. విని మరీ చెరిపాడు మహానుభావుడు.

"వాక్యం ఎక్కింది కదరా. ఇంకేం కావాలి దానికి?" అన్నాడు.

మర్నాడు క్యాసెట్ పట్టుకుని స్నేహితుడి గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. అతను తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. అర్థంకాని తెలుగు ప్రసంగం రెండు వైపులా ఓపిగ్గా విన్నాడు. రెండో వైపు చివర్లో ఆమేన్, టక్కుమని చప్పుడు, ఆపైన హాలు గోల. పాడేవాడు గిటారు అతని పేరు పిలిచాడు, చప్పట్లు. కీబోర్డు అతని పేరు పిలిచాడు, చప్పట్లు. టేపు అయిపోయింది. డ్రమ్ములతని పేరు ఆమేన్ కింద పడి చెరిగిపోయింది. అతను వెనక్కి తిప్పి ఆ కాస్తా మళ్ళీ విన్నాడు. తర్వాత కన్నాల్లోని కాగితం ముక్కల్ని గోటితో తీసి పారేసి, క్యాసెట్‌ని పెట్టెలో దాచుకున్నాడు.

పై శుక్రవారం పెద్దన్నయ్య లేచి సాక్ష్యం చెప్పాడు. ఒక లోకపు క్యాసెట్‌ను దేవుడు కడిగి తన సేవకు ఎలా వాడుకున్నాడో వివరించాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేను లేచాను. గొంతు తగ్గించాలన్న సంగతి కూడా గుర్తు లేదు.

"అది మనది కాదన్నయ్యా, పరాయివాడి సొత్తు. వాడి పేరు చెరిపేసి దాని మీద ఆమేన్ ఎక్కించారు. దేవుడు అడిగాడా మిమ్మల్ని?"

ఎవరో చొక్కా పట్టుకుని నన్ను కూర్చోబెట్టారు.

ప్రార్థన అయ్యాక ఆయనే నా దగ్గరికి వచ్చాడు. కోపతాపాలు తర్వాత చూసుకుందాం, ముందా క్యాసెట్ ఇవ్వమన్నాడు. అయ్యగారు ఊరెళ్ళిపోయారు, మిగతా ఫ్లాట్ల వాళ్ళు అడుగుతున్నారు, ఇంకా కాపీలు తీయలేదు. "ఉన్నది అదొక్కటేరా," అన్నాడు. గొంతులో నిజంగానే దిగులుంది.

ఆ దిగులుకి నా కోపం తగ్గాల్సింది. రెట్టింపయింది.

"వాడికీ అదొక్కటే అన్నయ్యా," అన్నాను. క్యాసెట్ నా దగ్గర లేదని మాత్రం చెప్పలేదు. అడగనీ, అనుకున్నాను. ఆ ఫ్లాట్లో ఉన్నన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాడు.