నాలుగు మిల్లీమీటర్ల మొనగాడు

పెరంబూరు దమయంతికి మనుషుల మీద పెద్ద గౌరవం లేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె నమ్మింది నేలనే. అండమాన్ దీవుల్లో పాతిన జీపీఎస్ స్తంభాలు ఏ రోజు ఎటు జరిగాయో చెన్నై ఆఫీసులో కూర్చుని చూడటం ఆమె ఉద్యోగం. సముద్రం అడుగున ఒక భూఫలకం ఇంకోదాని కిందికి దూరుతూ పై నేలను పట్టుకుని ఏళ్ల తరబడి నెడుతుంది. ఒక్కోసారి ఆ పట్టు సడలి, నేల వారాలపాటు చప్పుడు లేకుండా వెనక్కి జారుతుంది. అది పెద్ద భూకంపానికి దారితీయొచ్చు, తీయకపోనూవచ్చు. ఆ రెండో మాట దగ్గరే పై అధికారి వెంకట్రామ్‌కు చెవుడు.

మార్చిలో ఒక స్తంభం నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి జరిగింది.

"సార్, పక్కవి రెండూ కదల్లా. నిజమైన జారుడైతే మూడూ కదలాల. రెండు దినాలు ఓర్చుకోండి" అంది దమయంతి.

"నువ్వు లెక్కలు చూడమ్మా, అర్థం నేను చెప్తా."

సాయంత్రానికి కొత్త చొక్కాతో టీవీలో కనిపించాడు. పది రోజుల్లో భూకంపమట, సునామీ అట.

ఊళ్లోనే చూలై పేటలో ఉండే ఆడబిడ్డ కమలాంబ ఫోన్ చేసింది. "ఏమే, ఆఫీసులో నువ్వుండీ మాకు చెప్పలా? మేము తిరుత్తణి కొండకి పోతా ఉండాం. మిక్సీ కూడా కట్టేసినాం."

"మంచిది వదినా. ఆడ చట్నీకి లోటుండదు."

మర్నాడు దీవిలో ఆ స్తంభాన్ని చూసుకునే యతిరాజులును ఫోన్‌లో నిలదీసింది. వాడు చాలాసేపు నసిగాడు.

"తాడు కట్టినామక్కా, తడి దుప్పట్లు ఆరేసేదానికి. రొంబ బరువేం లేదు."

ఆ మాటల్నే కాగితం మీద రాసి వెంకట్రామ్ బల్ల మీద పెట్టింది. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. పదకొండో రోజు మళ్లీ టీవీకెక్కి, ముప్పు ప్రస్తుతానికి తొలగిందన్నాడు. తిరిగొచ్చిన కమలాంబ "మీ సారుది ఎంత పెద్ద చదువే!" అని మురిసిపోయింది.

ఆగస్టులో మూడు స్తంభాలూ ఒకే వైపు కొద్దికొద్దిగా జారసాగాయి. ఈసారి అన్నీ తనిఖీ చేయించి నివేదిక రాసింది: పెద్ద కంపం వచ్చే అవకాశం మామూలుకన్నా కాస్త ఎక్కువ, ఎప్పుడో చెప్పలేం.

"తేదీ లేనిదాన్ని ఎవరడుగుతారు?" అని వెంకట్రామ్ పక్కకు నెట్టాడు.

ఆమె దాన్ని తనే దీవి అధికారులకు పంపింది. వాళ్లు ఊరి జనానికి గుట్ట మీదికి పరుగెత్తడం నేర్పించారు. ఐదు వారాలకు జారుడు ఆగిపోయింది. భూకంపం రాలేదు.

"ఊరికే గుట్టెక్కించినావే అక్కా, మోకాళ్లు పోయినాయి" అని యతిరాజులు గొణిగాడు.

"మళ్లీ జారితే మళ్లీ ఎక్కిస్తా" అని ఫోన్ పెట్టేసింది.