బడి విడిచిన కారణం

మా బడి చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. ప్రతి ఉన్నత పాఠశాల తన పుట్టుపూర్వోత్తరాలను ఒకటిన్నర పేజీలో రాసి, ఫోటోలు జతచేసి పంపాలని పై నుంచి ఆదేశం వచ్చింది. మా పెద్దసారు నాకంటే వయసులో చిన్నవాడు, నిరుడే బదిలీ మీద వచ్చాడు. "మీరు గీ బడిలనే సదువుకున్నరు, గీ బడిలనే సదువు చెప్తున్నరు. మీకన్న ఎవరికి ఎర్క సార్?" అన్నాడు. పొగిడితే కరిగిపోయే గుణం నాకు మొదటి నుంచీ ఉంది. సరేనన్నాను.

మాది కొత్తకోట దాటాక బెంగళూరు రోడ్డు మీద దిగి, లోపలికి నడిస్తే వచ్చే ఊరు. మొదట్లో బడి ఒక షావుకారు పల్లీల గోదాములో నడిచేదట. ఇప్పుడున్న జాగా ఒకప్పుడు గొర్రెల దొడ్డి. కాపరుల ఇండ్లవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకుని, మందలను ఊరి బయటికి మార్చుకుని, జాగాను బడికి ఇచ్చేశారు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు కూడా వాన పడితే ఆటస్థలంలో పెంట వాసన లేచేది. మేం ముక్కులు మూసుకుని కాపరుల పిల్లల వైపు చూసి నవ్వేవాళ్ళం. జాగా వాళ్ళదేనన్న సంగతి అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నవ్వేవాళ్ళమేమో.

ఇదంతా హాయిగానే రాశాను. తెలంగాణ వచ్చాక వేసిన కొత్త గదుల గురించి, ప్రైవేటు బడుల పచ్చ బస్సులు ఊళ్ళోకి వచ్చాక మా దగ్గర పిల్లలు పలచబడటం గురించి కూడా రాశాను. రాష్ట్రం వచ్చిన రెండో ఏడు దగ్గరికి రాగానే కలం ఆగింది. ఆ ఏడు మా పదో తరగతి పిల్లలు నూటికి నూరు మంది పాసయ్యారు. గేటు పక్క గోడ మీద ఆ మాట ఎర్ర రంగుతో రాయించారు, ఇప్పటికీ ఉంది. పదో తరగతి టీచరును నేనే. జిల్లాలో శాలువా కప్పారు. అది బీరువాలో మడత నలగకుండా ఉంది, ఎన్నడూ కప్పుకోలేదు.

ఆ నూటికి నూరు ఎట్లా వచ్చిందో చెప్పాలి. పరీక్ష రాసే పిల్లల జాబితా చలికాలం మొదట్లో పంపుతాం. ఎవరు గట్టెక్కుతారో, ఎవరు గట్టెక్కరో దసరా నాటికే టీచరుకు తెలిసిపోతుంది. బడికి రాని పిల్లల పేర్లు జాబితాకు ముందే రిజిస్టరులో కొట్టేస్తాం. పరీక్షకు రాకపోతే ఫెయిలు కిందే లెక్క కనుక, మాకు అదొక జాగ్రత్త. ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన 'దీర్ఘకాలం గైర్హాజరు' అన్న రెండు మాటలు, కింద సంతకం.

ఆ ఏడు ఒక కాపరి బిడ్డ నా తరగతిలో ఉండేది. సోషల్ పాఠం చెబుతుంటే మ్యాపు మీద వేలు పెట్టి నదుల వెంట పోయే పిల్ల. వానాకాలం చేన్లన్నీ విత్తితే మా దిక్కు గొర్రెలకు మేత జాగా ఉండదు. మందలు అమ్రాబాద్ అడవుల వైపు పోతాయి, కోతలయ్యాక తిరిగొస్తాయి. శ్రావణంలో ఒక పొద్దున ఆ పిల్ల స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, అమ్మకు పానం బాగలేదు. నాయినకు వండిపెట్టనీకి నేను పోతున్న. కోతలైనంక వస్తం. నా పేరు ఉంచుండ్రి సార్."

"ఉంచుత తియ్యి. పుస్తకాలు తీస్కపో," అన్నాను.

ఉంచలేదు. అప్పటి పెద్దసారు జాబితా పట్టుకొచ్చి, ఈ ఒక్క పేరు లేకపోతే నూటికి నూరు మన చేతిలో ఉన్నట్టేనని అన్నాడు. ఆయన అన్నాడు, అంతే. నా చెయ్యి పట్టుకుని గీయించలేదు. గీత నేనే గీశాను.

కోతలయ్యాక ఆ పిల్ల వచ్చింది. యూనిఫాం పొట్టిదైపోయింది, సోషల్ పుస్తకానికి గొంగడి బొచ్చు అంటుకుని ఉంది. పాఠాలన్నీ రెండుసార్లు చదివానని చెప్పింది. నేను తల ఎత్తకుండానే, "కంప్యూటర్ల నీ పేరు వస్తలేదు బిడ్డా. వచ్చే ఏడు రాద్దువుగాని," అన్నాను. "సరే సార్" అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఏడు రాలేదు. పెండ్లయిందని విన్నాను. ఆ మాట విన్నప్పుడు నాకు బాధ కంటే ముందు తేలికగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

చరిత్ర కోసం పాత రిజిస్టర్లన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్న రోజునే ఆ కాపరి బిడ్డ వచ్చింది. నేను గుర్తుపట్టలేదు, ఆమే చెప్పుకుంది. పక్క ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోందట. టీచరు కావాలంటే పది పాసయి ఉండాలి. దూరవిద్యలో పరీక్ష కట్టడానికి బడి నుంచి టీసీ కావాలి, గడువు వారమే ఉంది.

సంతోషంగానే రాయడం మొదలుపెట్టాను. టీసీలో 'బడి విడిచిన కారణం' అని ఒక గడి ఉంటుంది. దానికి మా బడిలో ఆలోచన అవసరం లేదు. ఎవరు ఎందుకు పోయినా 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అనే రాస్తాం. నేను చదువుకుని పోయినప్పుడూ నాకు అదే రాశారు. చెయ్యి అలవాటున అదే రాసింది.

ఆమె బల్లకు ఆ పక్క నుంచి తలకిందులుగానే చదివింది. "మా నాయిన ఎన్నడు కోరిండు సార్?" అని అడిగింది.

"అందరికి గిట్లనే రాస్తం బిడ్డా."

"నాయిన సచ్చిపోయి రెండేండ్లాయె. ఆయన మీద ఎందుకు పెడ్తరు?"

ఆమె పుట్టినతేదీ కోసం నేను తెరిచి పెట్టిన రిజిస్టరు అక్కడే ఉంది. ఆమె చూపు గీత మీదికి, గీత కింద సంతకం మీదికి పోయింది. నా సంతకం ఆమెకు తెలుసు, తన నోటుపుస్తకాల మీద చూసిందే.

"కంప్యూటరంటిరి గదా సార్."

"కాదు. నేనే కొట్టేసిన," అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను. అప్పటి పెద్దసారు మాట, జాబితా గడువు నోటిదాకా వచ్చాయి. మింగేశాను.

ఆమె ఏడవలేదు, కోపం చేయలేదు. రిజిస్టరు వైపే చూస్తూ నెమ్మదిగా అంది. "నాయిన సచ్చేదాంక గదే ఫికర్ పెట్టుకున్నడు సార్. బిడ్డను అడివికి తోల్కపోయి సదువు ఖరాబ్ చేసిన అని వచ్చినోల్లకు పోయినోల్లకు చెప్తుండె. దవాఖానల మంచం మీద గూడ అన్నడు. నేను గూడ గట్లనే అనుకున్న. ఒక్కసారి గూడ కాదు నాయినా అనలే."

ఆ కాగితం చింపి ఇంకొకటి తీశాను. కారణం గడిలో 'హాజరు లేదని బడే పేరు తీసివేసింది' అని రాశాను. పెద్దసారు దాన్ని చూసి, ఆడిట్‌లో అడుగుతారని నసిగాడు. నేను కొట్లాటకు దిగాను, పక్క గదిలో పిల్లలు పాఠం ఆపి విన్నారు. చివరికి సంతకం పెట్టాడు. ఆమె ప్రతి అక్షరం చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. మా దిక్కు ఎవరైనా లేస్తూ 'పోయొస్త' అంటారు. ఆమె అనలేదు.

ఆ సాయంత్రం చరిత్ర పూర్తిచేశాను. నూటికి నూరు అన్న వాక్యం తర్వాత, ఆ ఏడు ఒక కాపరి బిడ్డ పేరు నేను కొట్టేశానని రాశాను. పెద్దసారు ఆ ఒక్క వాక్యం తీసేసి, గొర్రెల దొడ్డి సంగతి మాత్రం బాగుందని ఉంచి పంపించాడు.

ఆమె ఈ ఏడు పరీక్ష రాస్తోంది. సోషల్‌లో ఏదైనా తెలియకపోతే ఇంటికి వచ్చి అడగమని అంగన్‌వాడీ టీచరుతో రెండుసార్లు కబురు పంపాను. ఇప్పటిదాకా రాలేదు.