ఇబ్రహీంపట్నం చెరువు మీద తోలు పుట్టి

రుషికొండ దగ్గర సముద్రంలో నా పడవ దెబ్బతిన్న రోజు నుంచి నన్నొక ప్రశ్న పట్టుకుంది. వెదురు చట్రానికి గుడ్డ బిగించి నేనే కట్టుకున్న సన్నటి కయాక్ అది. ఒడ్డున విరిగే అల దాన్ని ఇసుకకేసి కొట్టింది. కట్లు ఊడాయి, వెదురు విరిగింది, గుడ్డ మాత్రం చిరగలేదు. అంత పల్చటిది అంత దెబ్బకు ఎలా నిలిచింది? హైదరాబాద్ స్నేహితురాలు సుజాతతో ఈ మాట అంటే, ఇబ్రహీంపట్నంలో తమ పక్కింటి బీబమ్మ పోలీస్ యాక్షన్ రోజుల్లో తోలు పుట్టి ఎక్కి, ఈదురుగాలిలో పెద్ద చెరువు దాటిందని చెప్పింది. వెదురుబుట్టకు బర్రెతోలు బిగించిన గుండ్రటి పడవే పుట్టి. ఇప్పుడు అలాంటిదాన్ని ఎక్కినవాళ్లు ఎంతమంది మిగిలారు? వెంటనే బయలుదేరాను.

పొద్దున్నే హైదరాబాద్ ఎల్బీ నగర్‌లో సాగర్ రోడ్డు బస్సెక్కితే రద్దీని బట్టి గంట, గంటన్నర. ఆడవాళ్లకు టికెట్ లేదు. మన్నెగూడ దాటేదాకా కిటికీలో ప్లాట్ల బోర్డులే కనిపిస్తాయి. ఇబ్రహీంపట్నంలో దిగి షేర్ ఆటోలో సుజాత వాళ్ల వీధికి చేరేసరికి బీబమ్మ అరుగు మీద ఎల్లిపాయలు ఒలుస్తోంది. తొంభైకి దగ్గరపడిన మనిషి. జొన్నరొట్టె, పచ్చడి పెట్టి, నేను తినడం పూర్తయ్యాకే నోరు విప్పింది.

వాళ్ల నాన్న పరుపులకు దూది ఏకేవాడు. రజాకార్లు ఊళ్ల మీద పడినప్పుడు వాళ్లతో కలవలేదు. అయినా మిలిటరీ వచ్చాక తురకల ఇళ్లను వెతుక్కుంటూ కొందరు బయలుదేరారన్న కబురు వచ్చింది. చెరువు అవతల ఆయన చెల్లెలి ఊరుంది. అక్కడ చోటు చూసి వస్తానని నాన్న ఒక సాయంత్రం చెరువు గట్టు వెంట వెళ్లాడు. తెల్లారినా రాలేదు. ఇక ఆగితే లాభం లేదని, చేపలు పట్టే పోచమ్మ బీబమ్మనూ వాళ్లమ్మనూ తన పుట్టిలో కూర్చోబెట్టుకుని నీళ్లలోకి తోసింది.

మబ్బు కమ్మిన ఉదయం. నిండు చెరువు. నడుమకు వచ్చేసరికి గాలి లేచింది, అలలు అంచు దాటి ఒళ్లో పడ్డాయి. పుట్టి గిరగిరా తిరిగింది. వెదురు కిర్రుమంటూ వంగేది, మళ్లీ లేచేది. నానిన తోలు కాళ్ల కింద అటూ ఇటూ కదిలేదట, బతికున్న బర్రె వీపు మీద కూర్చున్నట్టు.

"అల పక్కకెళ్లి కొడ్తది బిడ్డా. గది అడుగుకెళ్లి తాకింది" అంది బీబమ్మ. "మెత్తగ. ఎవలో అరచెయ్యి ఆనిచ్చినట్టు. నా కాలి కింద తాకింది, జరంత సేపటికి అమ్మ కాడికి పోయింది."

వాళ్లమ్మ వంగి తోలు మీద అరచెయ్యి పెట్టింది. కింద ఉన్నది కదల్లేదు. పోచమ్మ తెడ్డు ఆపి, అది చెట్టు మొద్దు, ఫికర్ చెయ్యొద్దని చెప్పింది.

"మొద్దు గింత మెత్తగుండదు" అంది అమ్మ.

పోచమ్మ మళ్లీ తెడ్డు వేసింది. పుట్టి ఎటు తిరిగితే అది అటు వచ్చింది. అవతలి ఒడ్డు దగ్గర నాచు మొదలైనచోట మాత్రమే వదిలింది. అమ్మ చెయ్యి తీయడానికి పోచమ్మ ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా లేపాల్సి వచ్చిందట.

మేనత్త ఇంట్లో నాన్న లేడు. అక్కడికి రానేలేదు. ఊరు నెమ్మదించాక తిరిగి వచ్చారు. పోచమ్మ, ఆమె మొగుడు చెరువంతా వల తిప్పినా ఏమీ దొరకలేదు. అమ్మ ఇళ్లలో పనిచేసి కూతురిని పెంచింది.

"పుట్టి కిందున్నది మా అబ్బనే అని అమ్మ ఎన్నడు అనలే" అంది బీబమ్మ. "కాదని గూడ అనలే."

తోలు ఎన్నాళ్లు మన్నిందని అడగాలని వచ్చాను. అడగలేకపోయాను. ఆమే చెప్పింది: ఆ రోజు ఒక్క కుట్టు కూడా ఊడలేదట, తర్వాత చాలా ఏళ్లు పోచమ్మ దాంట్లోనే చేపలు పట్టిందట.

ఎండ ఎక్కకముందే చెరువు దగ్గరికి వెళ్లాను. యాదయ్య అనే జాలరి నన్ను తన పుట్టిలో తిప్పడానికి ఒప్పుకున్నాడు. ఇప్పటి పుట్టికి తోలు లేదు, ప్లాస్టిక్ పట్టా. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అయినా ఎదురుగా కనిపిస్తున్న ఒడ్డుకు నేరుగా పోకుండా అతను పెద్ద చుట్టు తిరిగాడు. లోతు ఎక్కువా, చెట్లు మునిగి ఉన్నాయా అని అడిగితే అవేమీ కాదన్నాడు. మరెందుకన్నాను.

"మా నాయినమ్మ పోచమ్మ గట్లనే పొమ్మన్నది. నడుమకెళ్లి ఎవ్వలం పోం. ఎందుకో నాకైతే ఎరుక లేదక్కా."

పట్టా కింద చల్లదనం అరికాళ్లకు తెలుస్తోంది. కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.

చట్రం వంగుతుంది కాబట్టే పడవ అలకు నిలుస్తుందని పడవలు కట్టేవాళ్లం చెప్పుకుంటాం. అది నిజమే. కానీ ఇన్నాళ్లూ పడవ చర్మం గురించి నేను వేసుకున్నది ఒకే ప్రశ్న, నీటిని ఎంతసేపు ఆపుతుందని. ఒక తల్లి దాని మీద చెయ్యి ఆనించి చెరువు దాటిందని విన్నాక ఆ లెక్క నాకు చాలా చిన్నదిగా అనిపించింది. విరిగిన వెదురు మార్చాను గానీ, ఇంకా సముద్రంలోకి దిగలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సూచన: పుట్టి ఎక్కాలంటే పొద్దున్నే వెళ్లండి, లైఫ్ జాకెట్ మీరే తీసుకెళ్లండి. నడిపేవాళ్లు చుట్టు తిరిగి తీసుకెళ్తే, నేరుగా పొమ్మని తొందర పెట్టకండి.