డాబా మీద వదిలిన ఊచలు

మా ఆయన రాడ్ బెండర్, కాంక్రీటులోకి ఇనప ఊచలు ఒంచి కట్టే పని. గాజువాకలో మా రెండు గదుల డాబాకు స్లాబు వేసినప్పుడు, నాలుగు స్తంభాల ఊచలూ కొయ్యకుండా పైకి అలాగే వదిలేశాడు. రేపు పైన ఇంకో అంతస్తు లేపాలంటే కొత్త ఊచలు వాటికే కట్టాలి. మా వైపు అందరూ అలాగే వదులుతారు.

"ఏటి బావా, డాబా మీద ఇనప తోటేసినావా?" అని పక్కింటాయన ఎగతాళి చేసేవాడు.

"ఔను బావా, రోజూ నీల్లు పోత్తన్నాను. ఎదుగుతాది, సూడు" అనేవాడు ఈయన.

మా ఆయన చనిపోయాక ఆ ఊచలకే తాడు కట్టి బట్టలారేసుకున్నాను. సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుకున్నదీ ఆ తర్వాతే. ఇళ్లకూ షెడ్లకూ డిజైన్లు చేసే ఆఫీసులో టీ కాచి, ఫైళ్లు సర్దే పని దొరికింది. అక్కడ ఇంజనీరమ్మాయి, గోదావరి జిల్లా పిల్ల, కంప్యూటర్లో బీములు ఎంచుకుంటుంటే వెనక నిలబడి చూసేదాన్ని. కాంక్రీటువైతే పలక ఆకారం, టీ ఆకారం, ఎల్ ఆకారం. స్టీలువైతే నడుం సన్నగా, పైనా కిందా పట్టీలతో ఐ బీములు. ఇంగ్లీషులో నాకు ముందుగా వచ్చిన అక్షరాలు అవే.

కూతురికి పెళ్లయింది, అల్లుడికి ఇక్కడే పోర్టులో పని. వాళ్లుండటానికి పైన గది కావాల్సి వచ్చి ఆ అమ్మాయినే అడిగాను. ఆదివారం వచ్చి మా డాబా ఎక్కింది. ఊచను సుత్తితో తట్టింది. తుప్పు పొలుసులుగా రాలింది. కొలతలు తీసుకుంది.

మర్నాడు స్క్రీను మీద మా ఇల్లు గీతలుగా లేచింది. పైన కాంక్రీటు బీములు పెట్టగానే కింది స్తంభాలు ఎర్రబడ్డాయి.

"ఎరుపొస్తే బరువు మొయ్యలేవని అర్థమమ్మా. పైగా సముద్రపు గాలికి ఊచలు సగం పోయాయండి. కోసేసి, స్టీలు బీములేసి, పైన రేకులు పరిచేద్దాం. తేలిగ్గా ఉంటుంది."

"అవి ఆయన ఒంచినవమ్మా" అన్నాను.

ఆ పిల్ల మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

"ఇప్పుడే మార్సకమ్మా. కాసేపు అలాగే ఉంచు. నాను కళ్లారా సూసుకుంటాను."

"ఇది నిలబడే ఇల్లు కాదు కదమ్మా."

"తెలుసులే. ఇక్కడ కూలితే నా నెత్తినేటి పడతాదా?"

నవ్వి, కుర్చీ నాకిచ్చి పక్కకు జరిగింది.

పై అంతస్తులో ముందు గది ఎక్కడో, మెట్లు ఎటు తిరుగుతాయో ఆయన డాబా మీద బొగ్గుతో గీసి చూపించేవాడు. ఏ వానకో పోయేవి, మళ్లీ గీసేవాడు. ఇప్పుడవన్నీ స్క్రీను మీద లేచి నిలబడి ఉన్నాయి. ఎరుపైతేనేం. మెట్లు ముగిసేచోట ఆయన చెప్పులు విడిచినట్టు, లోపల్నుంచి నన్ను మంచినీళ్లడిగినట్టు అనుకుంటూ కూర్చున్నాను.

తర్వాత లేచి, "మార్సియ్యమ్మా" అన్నాను.